ఇంటి పెరట్లో విమానం కట్టవచ్చునా?

తొమ్మిదో తరగతిలో న్యూటన్ గమన నియమాలు చెబుతున్న రోజు అది. చివరి బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, విమానం ఇంటి దగ్గర తయారు చేసుకోవచ్చునా?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమన్నది. అతను తగ్గలేదు. "మా నాన్న షెడ్డులో అయిదు హార్స్‌పవర్ ఆయిలు ఇంజను ఉంది. దానికి పెద్ద పంకా బిగిస్తే సరిపోదా సార్?" అన్నాడు. వాళ్ళ నాన్నకు నందిగామలో ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. అంటే అతను గాలిలో మేడలు కట్టి అడగటం లేదు, చేతిలో ఉన్న సరుకును చూసుకుని అడుగుతున్నాడన్నమాట.

నేను నవ్వలేదు. ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు "కట్టవచ్చును". రెండో ప్రశ్నకు జవాబు "సరిపోదు". ఈ రెండు జవాబుల మధ్య ఉన్నదంతా మీ సైన్సు పుస్తకంలోనిదే. అందుకే మీకూ చెబుదామని కూర్చున్నాను.

నిజానికి మొట్టమొదటి విమానమే ఇంట్లో కట్టినది. రైట్ సోదరులు ఓర్విల్, విల్బర్ అమెరికాలో సైకిళ్ళు బాగుచేసే దుకాణం నడిపినవారు. వాళ్ళు 1901లో ఒక చెక్కపెట్టెకు పంకా అమర్చి, అందులో గాలి వీచేటట్లు చేసి, చిన్న చిన్న రెక్కల నమూనాలు సుమారు రెండు వందలు అందులో పెట్టి పరీక్షించారు. వాళ్ళ ఇంజను బజారులో కొన్నది కాదు. దుకాణంలో పనిచేసే మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాలలో తయారుచేసి ఇచ్చాడు. దాని బలం 12 అశ్వసామర్థ్యం, బరువు సుమారు 82 కిలోలు. 1903 డిసెంబరు 17న ఆ విమానం 12 సెకన్లు ఎగిరింది. అదే రోజు నాలుగో సారి 59 సెకన్లు ఎగిరింది. ఆ పన్నెండు సెకన్లు అందరూ చెబుతారు, ఆ చెక్కపెట్టె సంగతి చాలామంది చెప్పరు. నన్నడిగితే పెట్టే ముఖ్యం. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆ తరువాత పారిస్‌లో ఉంటున్న బ్రెజిల్ దేశస్థుడు సాంటోస్ డ్యూమాంట్ వెదురు బొంగులతో ఒక బుల్లి విమానం చేశాడు. దాని పేరు డెమాయిసెల్. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా చేసుకోండి అన్నాడు. 1910లో ఒక అమెరికన్ పత్రిక దాని కొలతలూ బొమ్మలూ అచ్చువేసింది. వెదురు, గుడ్డ, ఒక చిన్న ఇంజను! మన ఊళ్ళలో పందిళ్ళు వేసేవాళ్ళ దగ్గర ఉండే సరుకే కదా అనిపిస్తుంది.

ఇప్పుడు మన కుర్రవాడి ఆయిలు ఇంజను సంగతి చూద్దాం. ఒక మనిషి కూర్చుని ఎగిరే తేలిక విమానం, మనిషితో సహా 250 కిలోలు ఉందనుకోండి. 75 కిలోల ధాన్యం బస్తాలు మూడు, ఆ పైన పాతిక కిలోలు. దాని రెక్కల వైశాల్యం 12 చదరపు మీటర్లు అనుకోండి. అంటే నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న గది నేలంత. అప్పుడు రెక్కలో ఒక్కొక్క చదరపు మీటరు సుమారు 21 కిలోల బరువు మోయాలి. బలంలో చెబితే 205 న్యూటన్లు.

ఇది ఎక్కువా, తక్కువా? మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు లక్ష న్యూటన్ల బలంతో నొక్కుతూ ఉంటుంది. రెక్క కింద ఉన్న పీడనం కంటె రెక్క పైన ఉన్న పీడనం వెయ్యింట రెండు వంతులు తగ్గితే చాలు, విమానం లేస్తుంది! మూడు బస్తాల బరువును ఆకాశంలో నిలబెట్టేది ఈ కాస్త తేడాయే.

ఈ తేడా ఎలా వస్తుంది? ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది గనుక, పైగా పోయే గాలికి దూరం ఎక్కువనీ, కిందుగా పోయే గాలిని రెక్క చివర కలుసుకోవటానికి అది వేగంగా పరుగెత్తుతుందనీ నేను చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. అది తప్పు. పై గాలి కింది గాలి కోసం ఆగదు, దానికంటె ముందే చివరకు చేరిపోతుంది. అసలు విషయం ఇది: కొంచెం ఎత్తి పట్టిన రెక్క తన మీదుగా పోయే గాలిని కిందికి వంచి పంపుతుంది. రెక్క గాలిని కిందికి నెడితే, గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం. ఆ నెట్టుడు రెక్కకు అందేది పైన తగ్గి కింద పెరిగిన పీడనం రూపంలోనే. ఒక పోస్టుకార్డును కొద్దిగా వంచి, టేబిలు ఫ్యాను ముందు కాస్త ఏటవాలుగా పట్టుకుని చూడండి. చేతికే తెలుస్తుంది. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మాత్రం ఈ ప్రయోగం చెయ్యకండి.

రెక్క ఎత్తే బలాన్ని లెక్కకట్టే సూత్రం ఒకటుంది:

బలం = ½ × గాలి సాంద్రత × వేగం × వేగం × రెక్క వైశాల్యం × గుణకం

గుణకం అనేది రెక్క ఆకారం మీద, దాన్ని ఎంత ఏటవాలుగా పట్టాం అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మామూలు రెక్కకు అది సుమారు 1.4 వరకూ పోతుంది. ఇంకా ఎత్తి పడితే రెక్క పైన గాలి అతుక్కుని పారటం మానేసి సుడులు తిరుగుతుంది, ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.2 కిలోలుగా తీసుకుని లెక్క వేయండి. మన విమానం నేల విడవాలంటే కనీసం సెకనుకు 15.6 మీటర్ల వేగం, అంటే గంటకు 56 కిలోమీటర్లు ఉండాలి. నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు హైవే మీద అంతకంటె వేగంగానే పోతుంది.

ఇదే లెక్క మన మెట్ట ప్రాంతపు మే నెల మధ్యాహ్నం వేసి చూడండి. జగ్గయ్యపేటలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు మీకు తెలియనివి కావు. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది, సాంద్రత 1.1కి దిగుతుంది. అప్పుడు కావలసిన వేగం గంటకు దాదాపు 59 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లే కదా అనకండి. అదే పలచని గాలిని ఇంజనూ పీలుస్తుంది, దాని బలమూ తగ్గుతుంది. పంకా తోసేదీ ఆ పలచని గాలినే. మూడూ కలిసి, పొద్దుటిపూట హాయిగా లేచే విమానం మధ్యాహ్నం చాలా దూరం పరుగెత్తితే గాని లేవదు.

సరే, నేల విడిచింది. నిలకడగా ఎగరటానికి ఎంత బలం కావాలి? గాలి వెనక్కు లాగే బలం, అంటే నిరోధం, ఇలాంటి విమానానికి బరువులో ఎనిమిదో వంతు ఉందనుకుందాం. బరువు 2450 న్యూటన్లు, నిరోధం 306 న్యూటన్లు. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతే, సామర్థ్యం 306 × 20 = 6120 వాట్లు. కాని పంకా ఇంజను ఇచ్చిన దాన్నంతా తోపుగా మార్చలేదు. నూటికి 60 వంతులు మార్చినా గొప్పే. అంటే ఇంజను 10,200 వాట్లు ఇవ్వాలి. అశ్వసామర్థ్యంలో సుమారు 14. ఇది ఎత్తు పెరగకుండా తిన్నగా పోవటానికి. సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున పైకి ఎక్కాలంటే ఇంకో 8 కలపాలి. మొత్తం 22.

మన కుర్రవాడి ఇంజను ఇచ్చేది 5. పైగా నీళ్ళతో చల్లబడే ఆ పాత ఇంజను బరువు, దాని ఫ్లైవీలుతో కలిపి, వంద కిలోలు దాటుతుంది. ఒక్కో అశ్వసామర్థ్యానికి 20 కిలోల పైమాట. చార్లీ టేలర్ ఇంజనులో ఇది సుమారు 7 కిలోలు. నేటి తేలిక విమానాలలో వాడే రోటాక్స్ 912 అనే ఇంజను 80 అశ్వసామర్థ్యం ఇస్తూ కూడా సుమారు 60 కిలోలే ఉంటుంది. ఒక్కో అశ్వసామర్థ్యానికి కిలో కూడా లేదు. ఆయిలు ఇంజనును ఎవరూ తక్కువగా చూడనక్కర లేదు. అది నేలలో పాతుకుని ఏళ్ళ తరబడి నీళ్ళు తోడటానికి పుట్టింది, ఎగరటానికి కాదు.

కర్ర విషయంలోనూ ఇదే లెక్క. మనకు దగ్గరలోనే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలిగ్గా ఉంటుంది. మరి దానితో రెక్కలు చెయ్యవచ్చునా? బొమ్మ విమానానికి భేషుగ్గా పనికివస్తుంది. మనిషిని మోసే రెక్కకు తేలిక ఒక్కటే చాలదు, బరువుకు తగిన బలమూ ఉండాలి. టేకుకు బలం ఉంది గాని బరువు ఎక్కువ. అందుకే చలి దేశాల్లో పెరిగే స్ప్రూస్ అనే కర్రను వెతికి పట్టుకున్నారు. మన దేశంలో 1958లో మొదటిసారి ఎగిరిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం ఉక్కు గొట్టాల చట్రానికి గుడ్డ కప్పి చేసినదే. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ దాన్ని చేసింది. దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులలో ఎంతోమంది దాని మీదనే విమానం నడపటం నేర్చారు.

ఆకాశపు పేను

ఇక్కడ ఒక కథ చెప్పాలి. ఇంట్లో విమానం కడతానన్న ప్రతివాడూ వినవలసిన కథ.

ఫ్రాన్సులో హెన్రీ మినే అనే ఆయన ఉండేవాడు. ఆయన విమానాల ఇంజనీరు కాదు. చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి. ఒకటి తరువాత ఒకటి చాలా విమానాలు కట్టాడు. చాలా వరకు సరిగా ఎగరలేదు. చివరికి 1933లో, అడవి పక్కన డేరా వేసుకుని ఉండి, తన పద్నాలుగో నమూనాను ఎగిరించాడు. రెక్కల చాపు సుమారు ఆరు మీటర్లు, పొడవు మూడున్నర మీటర్లు, మోటారుసైకిలు ఇంజను. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు "పూ ద్యు సియెల్", అంటే ఆకాశపు పేను!

మామూలు విమానానికి ముందు రెక్క, వెనక తోక ఉంటాయి. మినే విమానంలో తోక బదులు ఇంకో రెక్క ఉంది, ముందు రెక్కకు బాగా దగ్గరగా. ముందు రెక్క కదలకుండా బిగించినది కాదు. చేతిలోని కర్ర వెనక్కు లాగితే ఆ రెక్క ఏటవాలు పెరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది. కాళ్ళతో తొక్కే మీటలు లేవు. 1934లో ఆయన ఇదంతా ఒక పుస్తకంగా రాశాడు. పెట్టె మేకులు కొట్టగలిగినవాడు ఈ విమానం కట్టగలడని ఆయన నమ్మకం. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఫ్రాన్సులో, ఇంగ్లండులో వందలమంది గ్యారేజీలలో, పెరళ్ళలో పని మొదలుపెట్టారు. 1935లో మినే స్వయంగా ఇంగ్లీషు చానెల్ దాటి ఇంగ్లండుకు ఎగిరి వెళ్ళాడు. జనం విరగబడి చూశారు.

అంతలో ప్రమాదాలు మొదలయ్యాయి. ఒకే రకం ప్రమాదం. విమానం ముక్కు దించి కిందికి దూకుతుంది, మరి లేవదు. అలాగే నేలను ఢీకొంటుంది. కట్టినవాడి చెయ్యి సరిగా లేదని కొందరు, నడపటం రాలేదని కొందరు అన్నారు. చనిపోయినవాళ్ళు తిరిగివచ్చి సంజాయిషీ చెప్పుకోలేరు కదా!

చివరికి ఆకాశపు పేనును తీసుకువెళ్ళి గాలి సొరంగంలో పెట్టారు. ఫ్రాన్సులోనూ, ఇంగ్లండులో ఫార్న్‌బరో అనే చోట ఉన్న ప్రభుత్వ పరిశోధనశాలలోనూ, బొమ్మను కాదు, అసలు విమానాన్నే పెట్టి గాలి వీచేటట్లు చేశారు. అప్పుడు గుట్టు బయటపడింది.

తూగుడుబల్ల మీద ఇద్దరు కూర్చున్నట్లు ఊహించుకోండి. విమానం గరిమనాభికి ముందు వైపు ముందు రెక్క ఎత్తుతుంది, వెనక వైపు వెనక రెక్క ఎత్తుతుంది. ముక్కు లేవాలంటే ముందు రెక్క బలభ్రామకం గెలవాలి. కర్ర వెనక్కు లాగినప్పుడు ముందు రెక్క వెనక అంచు కిందికి దిగుతుంది. అలా దిగి వెనక రెక్క ముందు అంచుకు మరీ దగ్గరవుతుంది. రెండింటి మధ్య సందు ఇరుకవుతుంది. ఆ ఇరుకు సందులోంచి గాలి జోరుగా దూసుకుపోయి వెనక రెక్క మీదుగా పారుతుంది. దానితో వెనక రెక్క ఎత్తే బలమూ పెరిగిపోతుంది! మామూలుగా ఎగిరేటప్పుడు ఇది తెలియదు. కాని ముక్కు సుమారు 15 డిగ్రీలకు మించి దిగితే, కర్ర ఎంత వెనక్కు లాగినా ముక్కు లేవదు. పైగా ముక్కు ఇంకా దిగుతుంది. ప్రాణభయంతో ఉన్నవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా లాగుతాడు.

ఇది వడ్రంగం లోపం కాదు, నడిపేవాడి లోపం కాదు. లెక్కలోనే ఉన్న లోపం. 1936 నాటికి వాటికి అనుమతులు ఆపివేశారు. మినే మొండివాడు గాని, మూర్ఖుడు కాదు. రెక్కల అమరిక మార్చి కొత్త నమూనాలు చేశాడు, 1965లో చనిపోయేదాకా విమానాలు కడుతూనే ఉన్నాడు. సరిదిద్దిన రకాలు తరువాతి కాలంలో బాగానే ఎగిరాయి. కాని ఆ పరీక్ష పుస్తకం అచ్చువేయక ముందే జరిగి ఉంటే, ఎంతమంది బతికేవారో! రైట్ సోదరుల చెక్కపెట్టె ముఖ్యమని నేను అన్నది ఇందుకే.

ఆ అనుభవం నుంచే నేటి పద్ధతులు వచ్చాయి. 1953లో అమెరికాలో పాల్ పొబెరెజ్నీ అనే ఆయన ఇంట్లో విమానాలు కట్టేవారి సంఘం ఒకటి ప్రారంభించాడు. నేడు ప్రపంచంలో చాలామంది ముందే పరీక్షించి, ముక్కలుగా కోసి పెట్టెల్లో పంపే సామగ్రి కొని, ఇంట్లో బిగించుకుంటారు. అమెరికాలో అయితే సగానికి పైగా పని కట్టుకునేవాడే చెయ్యాలని నియమం. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ రూపొందించిన ఆర్.వి. అనే రకాలే 10,000కు పైగా పూర్తయి ఎగిరాయి.

మన దేశం సంగతికి వద్దాం. 1980 ప్రాంతంలో అమెరికాలో బర్ట్ రూటాన్ అనే ఆయన ఇంట్లో కట్టుకునేవారి కోసం గాజునార, నురుగు పలకలతో లాంగ్-ఈజీ అనే విమానం రూపొందించాడు. బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాలవారు ఆ నమూనా ఆధారంగా ఒక చిన్న విమానం కట్టి 1987లో ఎగిరించారు. గాజునారతో పనిచెయ్యటం చేతికి వచ్చింది. తరువాత అక్కడే హంస అనే రెండు సీట్ల విమానం తయారై 1993లో ఎగిరింది. దాని కొత్త రకం 2021లో ఎగిరింది. పెద్ద పరిశోధనశాల కూడా పెరటి విమానం దగ్గర పాఠం నేర్చుకోవటం నాకు ముచ్చటగా ఉంటుంది.

ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ నిజంగానే ఇంట్లో కట్టాడు. కాందివలిలో తమ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం! 1998లో మొదలుపెట్టిన పని. తొలి ప్రయత్నాలు ఫలించలేదు. 2016లో మేడ మీది విమానాన్ని కిందికి దించి ముంబయిలో జరిగిన ఒక ప్రదర్శనలో పెట్టారు. 2017లో రిజిస్ట్రేషన్ దొరికింది, 2019లో పరీక్షగా ఎగరటానికి అనుమతి దొరికింది. మొదలుపెట్టిన నాటి నుంచి లెక్క చూసుకోండి, ఇరవై ఒక్క ఏళ్ళు. ఇందులో కట్టటానికి పట్టిన కాలం ఎంత, ఒప్పించటానికి పట్టిన కాలం ఎంత అన్నది వేరే సంగతి. అనుమతుల వ్యవహారం ఇంత ఆలస్యం కాకూడదనే నా అభిప్రాయం. అనుమతే అక్కరలేదంటే మాత్రం ఆకాశపు పేను కథ మళ్ళీ చెబుతాను.

చట్టం మాట వచ్చింది గనుక ఒక తమాషా. మన దేశపు 1934 నాటి విమాన చట్టంలో విమానం అనే మాటకు ఇచ్చిన అర్థంలో గాలిపటం కూడా ఉంది! సంక్రాంతికి మన మేడల మీద ఎన్ని విమానాలు ఎగిరాయో చూడండి. ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియం అమలులోకి వచ్చింది.

మీరు చెయ్యదగిన విమానం

మా కుర్రవాడితో నేను చేయించినది ఇది. మీరూ చెయ్యండి. 30 సెంటీమీటర్ల సన్నని కర్రపుల్ల తీసుకోండి. పొణికి దొరికితే మంచిది. పలచని అట్టతో 36 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క కత్తిరించండి. మధ్యలో కొంచెం మడిచి రెండు కొసలూ పైకి లేచేటట్లు చేసి, ముక్కు నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో అంటించండి. వెనక చివర 12 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తోక అంటించండి. దాని మీద నిలువుగా ఒక చిన్న ముక్క.

ముక్కుకు ఏమీ అంటించకుండా మెల్లగా విసరండి. ముక్కు పైకెత్తి, ఆగి, చతికిలబడుతుంది. ఇప్పుడు ముక్కుకు తడి బంకమట్టి కొద్దికొద్దిగా అద్దుతూ విసరండి. రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే, రెక్క ముందు అంచు నుంచి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దగ్గర తూగితే గరిమనాభి సరైన చోట ఉన్నట్లు. మట్టి మరీ ఎక్కువైతే ముక్కు దించి నేలకు గుచ్చుకుంటుంది. అప్పుడు తోక వెనక అంచును వెంట్రుకవాసి పైకి వంచి చూడండి. ఒక్కో మార్పుకూ ఎంత దూరం పోయిందో పుస్తకంలో రాసుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మా బడి వరండాలో దూరం కొలవటానికి స్తంభాలు లెక్కపెట్టాం. మొదటి రోజు రెండో స్తంభం దగ్గరే పడింది. ఆ కుర్రవాడు పుస్తకంలో పదిహేడు విసుర్లు రాశాడు. శనివారం నాటికి అయిదో స్తంభం దాటింది. సోమవారం వాళ్ళ నాన్న స్వయంగా బడికి వచ్చి, చేతిలో ఒక తక్కెడ పెట్టుకుని, "మాస్టారూ, మావాడు షెడ్డులో ప్రతి ఇంజనూ తూకం వేయమంటున్నాడు. ఏం పాఠం చెప్పారు?" అని అడిగాడు.